మున్సిపాలిటీని ఒప్పించి పెరట్లో కోళ్లు పెంచుకోవడం ఎలా?

నల్గొండ పాతబస్తీలోనో, పానగల్ వైపో ఇప్పటికీ ఇంటి వెనక గూడు, అందులో నాలుగు పెట్టలు ఉంటాయి, ఎవరూ ఏమీ అనరు. అదే కొత్త కాలనీలో అయితే పక్కింటివాళ్లు ఒక్క ఫిర్యాదు ఇస్తే చాలు, మున్సిపాలిటీ జవాన్ వచ్చి తీసెయ్యమంటాడు. పిల్లలకు ఇంటి గుడ్డు పెట్టుకుందామనుకునే కుటుంబం భయపడుతూ కోళ్లు పెంచుకోవాల్సిన పని లేదని నేను గట్టిగా నమ్ముతాను. అయితే అడగాల్సిన పద్ధతి ఒకటి ఉంది.

ముందు అసలు నిషేధం ఉందో లేదో తేల్చుకోండి. నోటిమాటతో ఆగిపోవద్దు. మన పట్టణాలకు వర్తించేది 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం. ఇళ్లలో కోళ్ల పెంపకం మీద మీ మున్సిపాలిటీ ఏదైనా తీర్మానం చేసిందా, ఉత్తర్వు ఇచ్చిందా అని సమాచార హక్కు కింద అడగండి. ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "కోళ్లు పెంచుకోవచ్చా?" అని మాత్రం రాయకండి, అది అభిప్రాయం అడిగినట్టవుతుంది, పక్కన పెట్టేస్తారు. తీర్మానం కాపీ ఇవ్వండి, లేకపోతే లేదని రాసివ్వండి అని అడగండి.

ఆ జవాబు వచ్చేలోపు చేయాల్సిన పెద్ద పని గల్లీలోనే ఉంది. ఆఫీసులో ఎవరికీ కోళ్ల మీద కోపం ఉండదు, వాళ్ల టెన్షన్ అంతా ఫిర్యాదులే. కాబట్టి రెండు పక్కల ఇళ్లు, వెనక ఇల్లు, ఎదురిల్లు, అందరి దగ్గరికీ మీరే వెళ్లండి, వెళ్లేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను కూడా తీసుకెళ్తే ఇంకా మంచిది, ఎందుకంటే వాళ్లు "అక్కా, వాసన వస్తే నన్నే అడుగు" అంటే ఆ మాటకు ఉండే విలువ మన కాగితాలకు ఉండదు. వాళ్ల అభ్యంతరాలన్నీ రాసుకోండి. సాధారణంగా వచ్చేవి కూత, వాసన, ఈగలు, కుక్కలు.

కూతకు మందు ఒక్కటే, పుంజును పెట్టుకోకపోవడం. పుంజు లేకపోతే పెట్ట గుడ్లు పెట్టదని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. గుడ్లు మామూలుగానే పెడుతుంది, అవి పొదిగితే పిల్లలు కావు, అంతే. పుంజు లేదంటే పందేల అనుమానం కూడా రాదు. ఒకరోజు పిల్లల్లో పుంజు ఏదో, పెట్ట ఏదో తెలియదు కాబట్టి కాస్త పెరిగిన పెట్టల్నే కొనండి. గుడ్ల కోసమైతే రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ రకం కోడి బాగుంటుంది.

వాసన వచ్చేది తడి వల్ల. గూట్లో ఊక మందంగా పరిచి, అప్పుడప్పుడు తిరగేస్తూ, తడిసినంత మేర తీసేస్తూ ఉంటే వాసన అదుపులో ఉంటుంది. మిర్యాలగూడ మిల్లుల పుణ్యమా అని మన జిల్లాలో ఊకకు కరువు లేదు. గూటికి గట్టి జాలీ, రాత్రి గడియ ఉంటే కుక్కలు, ముంగిసలు లోపలికి రాలేవు.

ఇక అర్జీ. కమిషనర్ పేరిట రాయండి, కాపీలు వార్డు కౌన్సిలర్‌కో కార్పొరేటర్‌కో, జిల్లా పశువైద్యాధికారికీ ఇవ్వండి. "కోళ్లకు అనుమతి ఇవ్వండి" అని ఒక్క వాక్యం రాస్తే కాదనడం చాలా తేలిక. షరతులు మీరే రాసివ్వండి, ఉదాహరణకు ఇలా:

"ఇంటికి ఆరు పెట్టలకు మించకుండా, పుంజు లేకుండా, కోడికి కనీసం రెండు చదరపు అడుగుల మూసిన గూటిలో, ఆరు నెలల పాటు ప్రయోగాత్మకంగా అనుమతించగలరు. ఇంట్లో కోయడం, అమ్మడం ఉండవు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు. ఇరుగుపొరుగు సంతకాలు జతచేశాం."

బర్డ్ ఫ్లూ గురించి అడక్కుండా ఉండరు. 2025 ఫిబ్రవరిలో చౌటుప్పల్ మండలంలో అది బయటపడిన సంగతి ఇక్కడ అందరికీ గుర్తే. ఆ పేరా కూడా మీరే చేర్చండి: కొక్కెర తెగులుకు (ఇది బర్డ్ ఫ్లూ కాదు, రాణిఖేత్ అనే వేరే జబ్బు) టీకాలు వేయిస్తాం, కోడి చనిపోతే మోరీలో పడేయకుండా పశువైద్యశాలకు చెబుతాం, శాఖ ఆదేశిస్తే కోళ్లను అప్పగిస్తాం. చివరి మాట రాయడానికి మనసు ఒప్పదు, కానీ రాయాలి. ఊరి ఆరోగ్యం ముందు.

ఒక్కరే వెళ్లకండి. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాల్లో ఇంటి కోళ్ల విలువ తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లతో కలిసి వెళ్లండి. వార్డుల్లో ఉండే మహిళల కమిటీ, వృద్ధుల కమిటీ ముందు కూడా విషయం పెట్టండి. అర్జీ ఇచ్చాక ఇన్‌వార్డు నంబర్ తీసుకోవడం మరవద్దు. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి అదే నంబర్‌తో వెళ్లండి, కౌన్సిలర్‌ను అజెండాలో పెట్టించమని అడుగుతూ ఉండండి. కాదంటే కారణం రాతపూర్వకంగా తీసుకోండి, ఆ ఒక్క కారణానికే జవాబు రాసి మళ్లీ ఇవ్వండి.

అనుమతి వస్తే టీకాల తేదీలు ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టండి. ఆరు నెలలు పూర్తయ్యే ముందు పక్కింటివాళ్లతో మరోసారి సంతకం చేయించుకుని, దాన్నీ నోట్‌బుక్‌నూ కలిపి పొడిగింపు అర్జీకి జతచేయండి.