పెల్విక్ ఫ్లోర్ కండరాలను ఎలా గుర్తించాలి, ఎలా బిగించాలి?

ముందు లోపల ఏముందో తెలుసుకోండి, సిగ్గుపడాల్సిన విషయం కాదిది. ముందువైపు జఘన ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా ఉయ్యాలలా పరుచుకున్న కండరాల పొరే పెల్విక్ ఫ్లోర్. మూత్రాశయం, పేగు చివరి భాగం, ఆడవాళ్లలో గర్భసంచి దాని ఆసరాతోనే ఉంటాయి. మలద్వారం చుట్టూ రెండు కండర వలయాలున్నాయి: లోపలిది మన ప్రమేయం లేకుండానే మూసుకుని ఉంటుంది, బయటిది మన మాట వింటుంది. వీటికి తోడు ప్యూబోరెక్టాలిస్ అనే కండరం పురీషనాళాన్ని, అంటే మలం నిలిచే పేగు చివరి భాగాన్ని, వెనక నుంచి చుట్టి ముందుకు లాగి వంపు తిప్పుతుంది, అది వదులైతేనే దారి తిన్నగా అవుతుంది, అందుకే కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాదాల కింద చిన్న పీట పెట్టుకుంటే మోకాళ్లు పైకి లేచి ఆ కండరం వదులవుతుంది, చాలామందికి సులువవుతుంది.

ఇక వ్యాయామం. పడుకుని, గ్యాస్ పోకుండా ఆపుతున్నట్టు మలద్వారాన్ని బిగించి పైకి లాగండి. పిరుదులు, తొడలు బిగుసుకుంటే తప్పు చేస్తున్నట్టే. ఊపిరి ఆపొద్దు. 5 సెకన్లు పట్టి ఉంచి, తర్వాత మళ్లీ అంతే సేపు పూర్తిగా వదిలేయండి. ఇలా 10 సార్లు, రోజుకు 3 పూటలు. వదలడం కూడా బిగించడమంత ముఖ్యం, దయచేసి అక్కడ తొందరపడకండి. మూత్రం మధ్యలో ఆపి సాధన చేయడం మాత్రం అలవాటు చేసుకోవద్దు. తేడా తెలియడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. నొప్పి వస్తున్నా, మలవిసర్జన కష్టమవుతున్నా బిగించడం ఆపేసి డాక్టర్‌కి చూపించుకోండి.