ట్రాక్టర్ వెనక పనిముట్టు పక్కలకు ఊగుతోందా? చైన్లు బిగించే ముందు ఇవి చూడండి

రోడ్డు మీద వెళ్తుంటే రోటవేటర్ అటూ ఇటూ ఊగి లోయర్ లింకు (పనిముట్టును పట్టుకునే రెండు కింది చేతుల్లో ఒకటి) టైరుకు రాసుకుంటుంది. చేలో విత్తన గొర్రు సాలు తప్పి పక్కకు జరుగుతుంది. చాలామంది వెంటనే చేసే పని చెక్ చైన్లను, అంటే ఆ లింకులు పక్కలకు ఊగకుండా పట్టే గొలుసులను, ఇక తిరగనంతవరకు బిగించడం. కొన్నాళ్లు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తర్వాత ఒక మలుపులో చైన్ తెగుతుంది, లేదా దాన్ని పట్టుకున్న బ్రాకెట్ బోల్టు విరుగుతుంది. వదులు అసలు ఎక్కడుందో చూడకుండా బిగిస్తే ఆ భారమంతా చైన్ మీదే పడుతుంది మరి.

ముందు ఒక మాట: కొంత ఊపు ఉండాల్సిందే

లోయర్ లింకులను పైనుంచి చూడండి. ట్రాక్టర్ వైపు దగ్గరగా, పనిముట్టు వైపు ఎడంగా ఉంటాయి. అందుకే నాగలి మట్టిలో లాగుడు మీద ఉన్నప్పుడు దానంతట అదే ట్రాక్టర్ నడుమకు వస్తుంది. ఆ సర్దుబాటుకు కాస్త చోటు కావాలి. నాగలిని కదలకుండా కట్టేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది, ట్రాక్టర్ ఒక పక్కకు లాగుతుంది. రోటవేటర్, విత్తన గొర్రు, స్ప్రేయర్, సాళ్ల మధ్య నడిచే గొర్రు మాత్రం బిగువుగానే ఉండాలి. కాబట్టి పనిముట్టు మార్చిన ప్రతిసారీ చైన్లు మళ్లీ చూసుకోక తప్పదు.

వదులు ఎక్కడుందో పట్టుకోవడం

చదునైన నేల మీద ట్రాక్టర్ ఆపి, పీటీవో (పనిముట్టును తిప్పే షాఫ్టు) ఆపేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. పనిముట్టును నేలకు జానెడు ఎత్తులో ఉంచి, ఇంజిన్ ఆపి తాళం తీసేయండి. ఒకరు వెనక నుంచి పనిముట్టు అంచు పట్టుకుని పక్కకు తోయాలి, ఇంకొకరు దూరంగా నిలబడి లింకుల వైపు చూడాలి. ట్రాక్టరుకూ పనిముట్టుకూ మధ్యలోకి ఎవరూ వెళ్లకూడదు, పాదాలు పనిముట్టు కిందకు రాకూడదు. చేత్తో పట్టి చూడాల్సింది ఏదైనా ఉంటే పనిముట్టు పూర్తిగా నేలకు దించాకే.

లింకు మొత్తం పక్కకు కదిలితే చైన్ వైపు చూడాలి. లింకు నిలిచి, పనిముట్టు మాత్రమే కదిలితే తప్పు వెనక, పనిముట్టును లింకులకు తగిలించిన పిన్నుల్లో ఉంది. లింకు ట్రాక్టరుకు తగిలించిన చోట టకటకమంటే లింకు ముందు కొసలోని బాల్ (పిన్ను దూరే రంధ్రమున్న గుండు) అరిగింది.

లక్షణం: లింకులు రెండు వైపులా సమానంగా ఊగుతున్నాయి

చైన్లు వదులయ్యాయి. పనిముట్టును ట్రాక్టరుకు సరిగ్గా నడుమకు తెచ్చి, టైరు లోపలి అంచు నుంచి లింకు వరకు రెండు పక్కలా టేపుతో కొలవండి. కొలతలు సమానమయ్యాక టర్న్‌బకిళ్లను (తిప్పితే చైన్ పొడవు మారే మరలను) రెండు వైపులా కొంచెం కొంచెంగా, ఒకే లెక్కన తిప్పండి. చివర్లో అవి మళ్లీ తిరగకుండా ఆపే లాక్‌నట్ బిగించండి. మధ్యలో ఎక్కడ ఆగినా కొలత మళ్లీ తీసుకోండి.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. చైన్ తగిలించిన చోటు, లింకు తిరిగే పిన్ను సాధారణంగా ఒకే గీత మీద ఉండవు. అందువల్ల పనిముట్టు ఎత్తు మారితే చైన్ బిగువు కూడా మారుతుంది. కింద ఉన్నప్పుడు సరిగ్గా బిగించింది పైకి లేపేసరికి తీగలా సాగిపోవచ్చు. సీట్లో కూర్చుని నెమ్మదిగా పైదాకా ఎత్తండి, చైన్ బిగుసుకోవడం కనిపిస్తే వెంటనే ఆపి దించండి. ఎక్కువ బిగుసుకునే ఎత్తు ఏదో అక్కడ కూడా కాస్త వదులు మిగిలేలా సర్దాలి.

చైన్లకు బదులు పిన్నుతో సర్దే స్టెబిలైజర్ బార్లు ఉంటే పని తేలిక. పిన్ను గుండ్రటి రంధ్రంలో వేస్తే బిగువు, పొడవాటి గాడిలో వేస్తే ఊపు. రెండు వైపులా ఒకే చోట వేశారా అన్నది మాత్రం చూసుకోండి.

లక్షణం: లింకులు కదలవు, పనిముట్టు తోక మాత్రం ఊగుతుంది

ఇది చైన్లతో పోయే జబ్బు కాదు. మొదట పిన్ను సైజు చూడండి. తగిలింపు సైజును కేటగిరీల్లో చెబుతారు: కేటగిరీ 1 పనిముట్టు లోయర్ పిన్ను 22 మి.మీ., కేటగిరీ 2 ది 28 మి.మీ. సన్న పిన్నును పెద్ద బాల్‌లో వేస్తే ఒక్కో పిన్ను దగ్గర మొత్తం 6 మి.మీ. ఖాళీ వస్తుంది. ఒక పిన్ను ముందుకు, రెండోది వెనక్కి జరిగితే, పిన్నుల నుంచి ఒకటిన్నర మీటరు వెనక ఉన్న అంచు రెండున్నర సెంటీమీటర్ల దాకా పక్కకు ఊగుతుంది. ఆ ఖాళీని నింపే తగిన బుష్ (పిన్నుకు తొడిగే గొట్టం) వేస్తే ఆ ఊపు పోతుంది.

సైజు సరిపోయినా ఊగుతుంటే పిన్ను బయటకు తీసి తుడవండి. బాల్ కూర్చునే చోట మెరుస్తూ పల్లంగా ఉందా? గోరు అడ్డంగా గీస్తే అంచుకు తగులుకుంటుందా? తగిలితే పిన్ను మార్చాలి, బాల్ కూడా చూడాలి. అలాగే బాల్‌కూ, అది జారిపోకుండా పిన్ను కొసకు పెట్టే లించ్ పిన్నుకూ మధ్య ఖాళీ ఎక్కువగా ఉంటే పనిముట్టు పిన్ను పొడవునా జరుగుతుంది. మధ్యలో సరైన మందం వాషర్ వేస్తే చాలు.

పైనుండే మూడో లింకు, అంటే టాప్ లింక్, బిగిస్తే ఈ ఊపు తగ్గదు. అది పనిముట్టు ముందుకూ వెనక్కూ వాలకుండా చూస్తుంది, అంతే.

లక్షణం: ఎప్పుడూ ఒకే పక్కకు జరుగుతుంది

టైర్లలో గాలి రెండు వైపులా సమానంగా ఉందేమో చూడండి. తర్వాత లోయర్ లింకులను పైకి ఎత్తే లిఫ్ట్ రాడ్ల పొడవు. ఆ పొడవు సర్దే లెవెలింగ్ బాక్స్ ఒక వైపు ఎక్కువ తిరిగి ఉంటే పనిముట్టు వాలుతుంది, వాలిన పక్కకు జరుగుతుంది. చైన్లలో ఒకటి పొట్టిగా ఉన్నా అంతే. ఏటవాలు నేలలో కొంత జారడం సహజం, దాన్ని చైన్లతో పూర్తిగా ఆపాలని చూడొద్దు.

లక్షణం: ఎంత బిగించినా మళ్లీ వదులవుతుంది

లాక్‌నట్ బిగియలేదు, లేదా బ్రాకెట్ కదులుతోంది. బ్రాకెట్ అంచు దగ్గర రంగు లేచి ఇనుము కొత్తగా మెరుస్తుంటే అది కదులుతున్నట్టే. బోల్టులను మాన్యువల్‌లో చెప్పిన బిగువుకు బిగించండి. రంధ్రం కోడిగుడ్డులా సాగిపోతే బిగించి లాభం లేదు, బ్రాకెట్ మార్చాలి. విరిగిన బోల్టు స్థానంలో అదే గ్రేడ్ బోల్టే వేయాలి. తెగిన చైన్ లింకుకు వెల్డింగ్ పెట్టి వాడటాన్ని నేను ఒప్పుకోను. అది రోడ్డు మీద మళ్లీ తెగితే పనిముట్టు పక్కనున్న మనిషి వైపు విసురుగా వస్తుంది.

ముందు బాల్ అరిగితే బాల్ ఉన్న కొసనో, మొత్తం లింకునో మార్చాల్సిందే.

ఇంకొకటి, పనిముట్టు నేలలో ఉండగా మలుపు తిప్పకండి. సాలు చివర ఎత్తి తిప్పితే చైన్ల బతుకు చాలా పెరుగుతుంది.

అన్నీ సర్దాక గంటసేపు పని చేయించి, పనిముట్టు దించి, ఇంజిన్ ఆపి లాక్‌నట్లు, బ్రాకెట్ బోల్టులు మరోసారి రెంచితో చూడండి. కొత్తగా బిగించినవి ఆ మొదటి గంటలోనే కొంచెం సడలుతుంటాయి.