గంజాయి కేసుల్లో ప్రభుత్వం తరఫున వాదించాలంటే: శ్రీకాకుళం, విజయనగరం న్యాయవాదులకు దరఖాస్తు విధానం

"ఎన్‌డీపీఎస్ పీపీ పోస్టుకి అప్లికేషన్ ఎక్కడ పెట్టాలి సార్?" మన రెండు జిల్లాల బార్ రూముల్లో జూనియర్లు సీనియర్లను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఎన్‌డీపీఎస్ అంటే మాదకద్రవ్యాల చట్టం, పీపీ అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్, ప్రభుత్వం తరఫున వాదించే న్యాయవాది. ఒడిశా సరిహద్దు పక్కనే ఉంది. ఇచ్ఛాపురం మీదుగా హైవే, రైలు మార్గం రెండూ వెళ్తాయి. శృంగవరపుకోట దగ్గర బొడ్డవర చెక్‌పోస్టు అరకు రోడ్డు మీదే ఉంది. గంజాయి కేసులకు మన కోర్టుల్లో కరువు లేదు కాబట్టి ఆ ప్రశ్న రావడం సహజమే. కానీ ఆ పేరుతో విడిగా ఒక పోస్టూ లేదు, ఒక ఫారమూ లేదు. అక్కడికి చేరే దారులు మూడున్నాయి. మీది ఏ దారో తేల్చేది ప్రాక్టీసు ఎన్నేళ్ళన్నదే: 3, 7, 10.

ముందు ఏ కేసు ఏ కోర్టుకి వెళ్తుందో తెలియాలి. గంజాయి 1 కిలో వరకు చిన్న పరిమాణం. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, దానికి 10 నుంచి 20 ఏళ్ళ శిక్ష. మూడేళ్ళకు మించి శిక్ష పడే నేరాలను ప్రత్యేక కోర్టే విచారించాలని 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం సెక్షన్ 36ఏ చెబుతుంది. అంటే బస్టాండులో అరకిలో ప్యాకెట్‌తో దొరికిన కుర్రాడి కేసు మేజిస్ట్రేట్ కోర్టులో నడుస్తుంది. లారీలో కొబ్బరికాయల కింద బస్తాలు దొరికితే అది సెషన్స్ స్థాయిలో నడిచే కేసు. మీరు ఏ దారిలో దరఖాస్తు పెడితే చేతికి ఏ కేసులు వస్తాయో దీన్నిబట్టే ఉంటుంది.

మొదటి దారి ఏపీపీ, అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్. ఇది పూర్తి ప్రభుత్వోద్యోగం. రాష్ట్ర స్థాయి పోలీసు నియామక బోర్డు నోటిఫికేషన్ ఇస్తుంది, 2025లో 42 పోస్టులకు ఇచ్చింది. లా డిగ్రీతో పాటు క్రిమినల్ కోర్టుల్లో కనీసం 3 ఏళ్ళ ప్రాక్టీసు అడుగుతారు. దరఖాస్తు బోర్డు వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే. రాత పరీక్షలో ఆబ్జెక్టివ్ పేపరు, డిస్క్రిప్టివ్ పేపరు ఉంటాయి. వయోపరిమితి, ఫీజు, సిలబస్ ఏ నోటిఫికేషన్‌కి ఆ నోటిఫికేషన్ చదువుకోవాల్సిందే, పాతది పట్టుకుని కూర్చోకండి.

ఇక్కడ మనవాళ్ళకు తరచూ తగిలే చిక్కు స్థానికత. ఇచ్ఛాపురం, కవిటి వైపు పిల్లలు కొందరు బరంపురంలో చదువుకుంటారు. స్టడీ సర్టిఫికెట్లు ఒడిశావి అయితే స్థానిక అభ్యర్థి లెక్కలోకి వస్తారో రారో నోటిఫికేషన్‌లోని పేరా చూసి ముందే తేల్చుకోవాలి. రిజర్వేషన్ కోసం కుల ధ్రువీకరణ పత్రం కూడా ఆంధ్రప్రదేశ్‌లో తీసుకున్నదే చెల్లుతుంది. బీసీలైతే నాన్ క్రీమీలేయర్ పత్రం తాజాగా తీయించుకోవాలి. చివరి వారంలో మీసేవకి పరిగెడితే టెన్షన్ తప్ప పని జరగదు.

ఏపీపీగా చేరిన కొత్తలో మీ ముందుకొచ్చే గంజాయి కేసంటే చిన్న పరిమాణం కేసు, లేదంటే రిమాండు దశ. పెద్ద కేసుల విచారణ కోసం క్యాడర్‌లో పై మెట్లు ఎక్కాలి. అయితే ప్రాసిక్యూటర్‌గా చేసిన సర్వీసు కూడా ప్రాక్టీసు కిందే లెక్క, కాబట్టి ఆ ఏళ్ళు వృథా పోవు.

రెండో దారి జిల్లా స్థాయి పీపీ, అడిషనల్ పీపీ. ఎక్కువమంది తడబడేది ఇక్కడే, ఎందుకంటే దీనికి పరీక్ష లేదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 18 ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్, అంటే మన కలెక్టర్, సెషన్స్ జడ్జిని సంప్రదించి అర్హుల పేర్లతో ప్యానెల్ తయారుచేస్తారు. ఆ ప్యానెల్‌లో పేరు లేనివాళ్ళను ప్రభుత్వం నియమించకూడదు. అడ్వకేటుగా కనీసం 7 ఏళ్ళ ప్రాక్టీసు ఉండాలి. కొన్ని సెషన్స్ కోర్టుల్లో క్యాడర్ నుంచి పదోన్నతి మీద వచ్చినవాళ్ళు ఉంటారు, కొన్నిచోట్ల బార్ నుంచి తీసుకుంటారు. మన దరఖాస్తు ఈ రెండో రకానికి. మన రాష్ట్రంలో ఈ నియామకాలకు 2000 డిసెంబరులో న్యాయశాఖ జీవో 187 ద్వారా ఇచ్చిన లా ఆఫీసర్ల నిబంధనలు ఆధారం. పదవీకాలం మూడేళ్ళు.

ఖాళీ రాగానే కలెక్టరేట్ నుంచి ప్రకటన వస్తుంది. కోర్టు నోటీసు బోర్డు, బార్ అసోసియేషన్ బోర్డు, స్థానిక పత్రికల జిల్లా పేజీ మూడూ చూస్తుండాలి, గడువు తక్కువే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక పాలకొండ, పార్వతీపురం, సాలూరు వైపు న్యాయవాదులు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. ప్రకటన ఏ కలెక్టరేట్ ఇచ్చిందో, దరఖాస్తు ఎవరి పేరున అడిగిందో చూసి సరిగ్గా అక్కడికే పంపండి.

దరఖాస్తులో బయోడేటా, లా డిగ్రీ, బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, పుట్టినతేదీ రుజువు, కుల పత్రం, ప్రాక్టీసు ధ్రువీకరణ పెట్టాలి. ఇవన్నీ అందరూ పెడతారు. తేడా వచ్చేది మీరు నడిపిన కేసుల పట్టిక దగ్గర. "క్రిమినల్ కేసులు చాలా చేశాను" అని రాసిన కాగితానికి విలువ లేదు. సెషన్స్ కేసు నంబరు, కోర్టు పేరు, సెక్షన్లు, ఎవరి తరఫున వాదించారు, ఫలితం ఏమిటి అన్నవి వరుసకో కేసు చొప్పున రాయండి. మీ పేరు కనిపించే తీర్పుల నకళ్ళు నాలుగైదు జత చేయండి. ఈ-కోర్ట్స్ సైట్‌లో మీ పేరుతో వెతికితే పట్టికలో సగం అక్కడే దొరుకుతుంది. ఓడిన కేసులు దాచకండి. అభిప్రాయం చెప్పే సెషన్స్ జడ్జి మీ వాదన విన్నవారే అయ్యుండొచ్చు. పోలీసు విచారణ కూడా ఉంటుంది, మీ మీద ఏదైనా కేసు ఉండి కొట్టేసినా ఆ ఉత్తర్వు నకలు ముందే జత చేయడం మేలు.

ప్యానెల్ వెళ్ళాక ఆర్డరు వచ్చేవరకు ఆగాల్సిందే. ఈ దశలో సిఫార్సులు పనిచేస్తాయన్న మాట బార్‌లో వినపడుతూనే ఉంటుంది. నేనైతే ఆ సమయాన్ని మాదకద్రవ్యాల చట్టంలో పట్టుబడిన సరుకు, శాంపిళ్ళ గురించి చెప్పే సెక్షన్ 52ఏ చదవడానికి వాడుకోమంటాను. మూడేళ్ళయ్యాక పొడిగింపు మాత్రం హక్కు కాదు, 2004లో జోహ్రీ మల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది.

మూడో దారి స్పెషల్ పీపీ. ఒక కేసుకో, ఒక తరహా కేసులకో ప్రభుత్వం ప్రత్యేకంగా నియమిస్తుంది, 10 ఏళ్ళ ప్రాక్టీసు ఉండాలి. నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో, డీఆర్ఐ (కేంద్ర రెవెన్యూ ఇంటెలిజెన్స్ విభాగం) పట్టుకున్న కేసులకు కేంద్రమే తన న్యాయవాదులను పెట్టుకుంటుంది, ఆ ప్రకటనలు విడిగా వస్తాయి.

ఏ దారిలో వెళ్ళినా కోర్టులో అడుగుపెట్టిన మొదటి వారంలోనే ఎదురయ్యే కాగితం ఒకటుంది. వాణిజ్య పరిమాణం కేసుల్లో ఛార్జిషీటుకు 180 రోజుల గడువు. ల్యాబ్ రిపోర్టు రాలేదనో, ఒడిశాలో అసలు సరఫరాదారు దొరకలేదనో దర్యాప్తు అధికారి గడువు పెంచమని అడుగుతారు. చట్టం ప్రకారం కోర్టుకు నివేదిక ఇవ్వాల్సింది పోలీసు కాదు, పీపీ. దర్యాప్తు ఎంతవరకు వచ్చింది, నిందితుణ్ణి ఇంకా ఎందుకు నిర్బంధంలో ఉంచాలి అన్నవి పీపీ తన బుర్ర పెట్టి రాయాలి. పోలీసు ఇచ్చిన అర్జీకి కవరింగ్ లెటర్ తగిలించి పంపే పోస్టాఫీసు కాదు పీపీ అని 1994లో హితేంద్ర విష్ణు ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు అంది. గడువు పెంపు విచారణలో నిందితుణ్ణి హాజరుపరచాలని 2022లో జిగర్ కేసులో చెప్పింది. ఈ ఒక్క నివేదిక సరిగా లేక నిందితుడు డిఫాల్ట్ బెయిల్ (గడువులో ఛార్జిషీటు పడకపోతే హక్కుగా వచ్చే బెయిల్) మీద బయటికి వెళ్తే ఆ పాపం పీపీదే.

బస్తా విప్పి తూచేటప్పుడు మధ్యవర్తులుగా ఎవరున్నారు, సీలు ఎవరి దగ్గరుంది, మేజిస్ట్రేట్ ముందు శాంపిల్ తీసిన తేదీ ఏది, ఇవీ అంతే ముఖ్యం. చట్టం నిర్వచనంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేని ఉత్త ఆకులు, గింజలు అందులోకి రావు. 21 కిలోల బస్తాలో ఉత్త ఆకు ఎంత అని డిఫెన్సు లాయరు అడిగితే, అది 20 కిలోల గీతకు అటో ఇటో అన్న ప్రశ్న. జవాబు పంచనామాలో లేకపోతే పీపీ దగ్గరా ఉండదు.

ఆర్డరు చేతికొచ్చాక చేయాల్సిన పని ఒకటుంది. మన జిల్లాల్లో క్రిమినల్ ప్రాక్టీసు అంటే చాలామందికి గంజాయి ముద్దాయిల తరఫు వకాలత్‌లు కూడా. పీపీగా చేరే ముందు అవన్నీ వదులుకోవాలి. క్లయింట్లకు రాతపూర్వకంగా చెప్పి, ఫైళ్ళు, ఫీజు బాకీ లెక్క తేల్చి, వేరే న్యాయవాదికి అప్పగించి, కోర్టులో మెమో దాఖలు చేయాలి. ఒకప్పుడు ముద్దాయి తరఫున మీరే చూసిన కేసు ఇప్పుడు ప్రభుత్వం తరఫున మీ ముందుకే వస్తే, ఆ విషయం జడ్జిగారికి మొదటి వాయిదాలోనే చెప్పి, ఆ కేసును వేరే ప్రాసిక్యూటర్‌కి ఇవ్వమని రాతపూర్వకంగా కోరాలి.