మిగ్ వెల్డింగ్ మెషీన్‌లో వైరు ఆగి ఆగి వస్తుంటే టెన్షన్ స్క్రూ జోలికి పోకండి

మాది పాలకొల్లు. నరసాపురం రోడ్డులో వెల్డింగ్ షెడ్డు. రొయ్యల రైతుల మేత షెడ్లకు ట్రస్సులు, చెరువు గట్ల మీదికి జనరేటర్ స్టాండ్లు, ట్రాక్టర్ ట్రక్కుల రిపేర్లు, ఎక్కువగా ఇవే చేస్తాం. పల్చటి పైపుకి 0.8 మి.మీ. వైరు, ఛాసిస్ పనికి 1.2 మి.మీ.

కిందటి వేసవిలో ఒక మేత షెడ్డు పని ఒప్పుకున్నాను. మూడో ట్రస్సు మీద ఉండగా వైరు కుదుపులతో రావడం మొదలైంది. వైరుని ముందుకు తోసే రోలర్ల ఒత్తిడి పెంచే టెన్షన్ స్క్రూ అర చుట్టు బిగించాను, కాసేపు బాగానే నడిచింది. మళ్లీ అదే తీరు, మళ్లీ బిగించాను. సాయంత్రం మూత తీసి చూస్తే రోలర్ కింద రాగి పొడి కుప్పగా పడి ఉంది, వైరేమో రోలర్ దాటిన చోట పిచ్చుక గూడులా చుట్టుకుపోయింది. తప్పు స్క్రూలో లేదు, టార్చ్ కేబుల్ లోపల వైరు నడిచే సన్నటి గొట్టంలో, అంటే లైనర్‌లో ఉంది. అడ్డం అక్కడుంటే వెనకనుంచి ఎంత గట్టిగా తోసినా వైరు నలుగుతుందే గానీ ముందుకు రాదు. అందుకే ఏ భాగం అరిగిందో తేల్చుకున్నాకే స్పానర్ పట్టుకోండి.

మెషీన్ స్విచ్ ఆపి, గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేయండి. వైరుని పైనుంచి నొక్కే ప్రెషర్ రోలర్ చెయ్యి పైకెత్తి, టార్చ్ కొసన వైరుని ప్లయర్‌తో పట్టి లాగండి. మెత్తగా, ఒకే తీరుగా రావాలి. బరువుగా వస్తే టార్చ్ కొసన వైరు బయటికొచ్చే రాగి టిప్ విప్పి మళ్లీ లాగండి. ఇప్పుడు తేలిగ్గా వచ్చిందా, తప్పు టిప్‌ది. ఇంకా పట్టేస్తుంటే వైరు చుట్టి ఉండే స్పూల్‌ని చేత్తో తిప్పి చూడండి, దాని బ్రేకు బిగిసి ఉండొచ్చు. స్పూల్ కూడా బాగానే తిరుగుతుంటే లైనర్ పోయినట్టే. చేత్తో లాగితే హాయిగా వస్తూ, ట్రిగ్గర్ నొక్కినప్పుడు మాత్రం జారుతుంటే రోలర్ సంగతి చూడాలి.

టిప్ పని రెండు నిమిషాలే. దాని రంధ్రం అరిగి కోలగా అయితే వైరుకి కరెంటు సరిగ్గా అందదు, ఆర్క్ తడబడుతుంది, వైరు టిప్‌కే అతుక్కుపోతుంది. 0.8 వైరుకి 0.8 అని గుద్దిన టిప్పే వేయండి. వేళ్లతో తిప్పి వదిలేయకుండా స్పానర్‌తో బిగించండి, వదులుగా ఉంటే వేడెక్కుతుంది. టిప్పులకి పెద్ద ఖర్చేమీ కాదు, పది తెచ్చి డబ్బాలో పెట్టుకోండి.

లైనర్ దగ్గరే ఓపిక కావాలి. యూరో కనెక్టర్ ఉన్న టార్చ్‌లకి వచ్చే స్టీలు లైనర్లలో మామూలుగా నీలం రంగుది 0.8 దాకా, ఎర్రది 1.0, 1.2 వైర్లకి. అల్యూమినియం వైరుకైతే స్టీలుది వద్దు, టెఫ్లాన్ లైనర్ వేయాలి. ముందు నాజిల్, టిప్, టిప్ హోల్డర్ తీయండి. రోలర్ వెనక వైరు కత్తిరించి, టార్చ్‌లో మిగిలిన ముక్కని లాగేయండి. టార్చ్‌ని మెషీన్ నుంచి విప్పి నేలమీద తిన్నగా పరవండి. తీసేముందే పాత లైనర్ ముందువైపు ఎక్కడిదాకా వచ్చిందో చూసి గుర్తుపెట్టుకోండి, అన్ని టార్చ్‌లకీ అది ఒకలా ఉండదు. తర్వాత వెనక నట్టు విప్పి లైనర్ లాగండి. నేనైతే పాతదాన్ని తెల్ల కాగితం మీద తట్టి చూస్తాను. రాగి పొడి రాలితే రోలర్ ఒత్తిడి ఎక్కువైందని, ఎర్ర తుప్పు రాలితే స్పూల్‌కి చెమ్మ తగిలిందని అర్థం.

కొత్త లైనర్‌ని ఒక్కసారిగా తోస్తే మధ్యలో మడత పడుతుంది. కొద్దికొద్దిగా తిప్పుతూ లోపలికి పంపి, వెనక నట్టు బిగించాకే ముందు కొస కొలవండి. టార్చ్ అప్పటికీ తిన్నగానే ఉండాలి. మా టార్చ్‌లో లైనర్ కొస టిప్ వెనక అంచుకి ఆనాలి. పొట్టిగా కోస్తే ఆ ఖాళీలో వైరు వంగుతుంది, పొడుగ్గా వదిలితే కేబుల్ లోపల లైనరే మెలి తిరుగుతుంది. కోసిన కొసని ఆకురాయితో నున్నగా చేసి, రంధ్రంలోకి వంగిన అంచుని సన్నటి మేకుతో సరిచేయండి. ఆ గరుకు ఉండిపోతే వైరుని రోజంతా గీకుతూనే ఉంటుంది. కొందరు జారుతుందని లైనర్‌లో నూనె చుక్క వేస్తారు. దయచేసి వేయకండి. ఆ నూనె వైరుతోపాటు ఆర్క్‌లోకి పోయి జాయింటులో బుడగ రంధ్రాలు వదులుతుంది.

రోలర్ గాడిని వెలుతురులో పెట్టి చూడండి. గాడిలో వైరు కాస్త పైకి తేలి కూర్చుంటేనే పై రోలర్ దాన్ని పట్టగలదు. గాడి వెడల్పై వైరు అడుక్కి దిగిపోతే పై రోలర్ కింది రోలర్‌నే నొక్కుతుంది గానీ వైరుని కాదు. మామూలు స్టీలు వైరుకి వీ ఆకారపు గాడి, అల్యూమినియానికి యూ గాడి, లోపల పొడి నింపి ఉండే ఫ్లక్స్ కోర్డ్ వైరుకి పళ్లున్న గాడి. చాలా రోలర్లకి రెండు గాళ్లుంటాయి. మాదానికి ఒక పక్క 0.8, ఇంకో పక్క 1.2. పక్కన గుద్దిన అంకెని నమ్మి ఊరుకోకుండా, వైరు దారికి ఎదురుగా ఏ గాడి వచ్చిందో కళ్లతో చూసుకోండి. అటూ ఇటూ ఉన్న గైడ్ గొట్టాల్లో వైరు కోసిన గీత పడి ఉంటే అవీ మార్చాల్సిందే. ముందు గైడ్ రోలర్‌కి తగలకుండా వీలైనంత దగ్గరగా ఉండాలి, పిచ్చుక గూడు కట్టేది ఆ సందులోనే.

అన్నీ బిగించాక వైరు కొసని ఆకురాయితో గుండ్రంగా రుద్ది, టిప్ లేకుండానే టార్చ్ చివరిదాకా పంపండి. ట్రిగ్గర్ నొక్కితే వైరులో కరెంటుంటుంది. చెయ్యి పెట్టకండి, టార్చ్‌లోకి తొంగి చూడకండి. వైరు బయటికొచ్చాక మెషీన్ ఆపి టిప్ వేయండి.

టెన్షన్ స్క్రూ వంతు ఇప్పుడు. పూర్తిగా వదులు చేసి, గ్లౌజు తొడిగి, పొడి చెక్కముక్కకి రెండంగుళాల దూరంలో టార్చ్‌ని ఏటవాలుగా పట్టి వైరు వదలండి. జారుతుంటే కొంచెం కొంచెంగా బిగించండి. వైరు చెక్కని తాకి ఆగకుండా చుట్ట తిరుగుతూ వస్తే చాలు, అక్కడితో ఆపేయండి. స్పూల్ బ్రేకు కూడా అంతే, ట్రిగ్గర్ వదలగానే స్పూల్ ఆగాలి, వైరు వదులై కిందకి జారకూడదు.

మన డెల్టాలో లైనర్లు తొందరగా పోవడానికి సగం కారణం గాలి. సముద్రపు గాలిలో ఉప్పు, చెరువుల చెమ్మ, పక్కన రైస్ మిల్లుంటే ఊక దుమ్ము. రాగి పూత ఉన్నా వారం రోజులు మెషీన్‌లో వదిలేసిన స్పూల్ పైచుట్టు ఎర్రబడటం నేను చూశాను. పని లేని రోజుల్లో స్పూల్ విప్పి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పెడుతున్నాను. తుప్పు పట్టిన చుట్లు కనబడితే కత్తిరించి పారేస్తున్నాను. స్పూల్ మార్చిన ప్రతిసారీ టిప్ తీసి, లైనర్‌లోకి వెనకనుంచి గాలి కొడతాను. వర్షాకాలంలో మా కంప్రెసర్ ట్యాంకులో గ్లాసుడు నీళ్లు చేరుతుంటాయి. మీరూ ముందు కింది వాల్వు విప్పి ఆ నీళ్లు వదిలేశాకే టార్చ్‌లోకి గాలి కొట్టండి.