ఓక్ పార్క్ ప్రముఖుల జాబితా: ఎవరిని చేర్చాలి, ఎలా రుజువు చేయాలి, ఎలా రాయాలి

షికాగో డౌన్‌టౌన్ నుంచి పడమటికి వెళ్లే గ్రీన్ లైన్ రైలు నగరం హద్దు దాటగానే ఓక్ పార్క్‌లో ప్రవేశిస్తుంది. ఇల్లినాయ్ చట్టం ప్రకారం ఇది విలేజ్. అంటే ప్రెసిడెంటు, ట్రస్టీల బోర్డు కలిసి నడిపే పురపాలక సంస్థ. 2020 జనాభా లెక్కల్లో 54,583 మంది ఉన్న సంపన్న శివారు ప్రాంతం. ఇంత చిన్న చోటుకి ఇంత పొడవైన ప్రముఖుల జాబితా ఉండటం అరుదు, అందులో ఇన్ని తప్పులు పేరుకోవడం కూడా అరుదే. తెలుగు వికీపీడియాలో ఊరి పేజీకి ‘ప్రముఖులు’ విభాగం రాసేవాళ్లకీ, షికాగో చుట్టుపక్కల తెలుగు సంఘాల సంచికలకి స్థానిక చరిత్ర రాసేవాళ్లకీ పనికొచ్చేలా, ఆ జాబితాను మొదటినుంచి కట్టే పద్ధతి ఇది.

అన్నిటికన్నా ముందు ఒక నియమం పెట్టుకోండి. మనిషి ఎంత గొప్పవాడన్నది కాదు, ఆ ఊళ్లో ఎప్పటినుంచి ఎప్పటిదాకా కాపురం ఉన్నాడన్నది చూడాలి. ఆ సంవత్సరాలు రాయలేకపోతే పేరు జాబితాలోకి రాకూడదు. కఠినంగా అనిపించినా, ఈ ఒక్క నియమంతోనే సగం తప్పులు వాటంతటవే రాలిపోతాయి.

హద్దులు

తూర్పున ఆస్టిన్ బులెవార్డ్, పడమర హార్లెమ్ అవెన్యూ, ఉత్తరాన నార్త్ అవెన్యూ, దక్షిణాన రూజ్‌వెల్ట్ రోడ్. ఈ నాలుగూ దాటితే వేరే ఊరే. ఆస్టిన్ అవతల షికాగో నగరం, రూజ్‌వెల్ట్ రోడ్డు అవతల సిసెరో, బెర్విన్. హార్లెమ్ అవతల రివర్ ఫారెస్ట్, ఫారెస్ట్ పార్క్.

ఎక్కువ తికమక రివర్ ఫారెస్ట్‌తోనే. రెండు విలేజ్‌లకీ కలిపి ఒకటే ప్రభుత్వ హైస్కూలు, దాని పేరే ఓక్ పార్క్ అండ్ రివర్ ఫారెస్ట్ హైస్కూల్. అక్కడ చదివినవాళ్లందరినీ ఓక్ పార్క్ ఖాతాలో వేసేస్తుంటారు. ఊళ్లోనే ఉన్న క్యాథలిక్ బడి ఫెన్విక్ హైస్కూలుకైతే చుట్టుపక్కల ఎన్నో ఊళ్ల పిల్లలు వస్తారు. కాబట్టి బడి జాబితా ఆచూకీకి మాత్రమే, రుజువుకి పనికిరాదు. ఇల్లు ఏ పక్కన ఉందో వేరే కాగితంలో చూడాల్సిందే. మాఫియా నాయకుడు టోనీ అకార్డోని ఓక్ పార్క్ మనిషిగా చెప్పుకుంటుంటారు, ఆయన పెద్ద ఇల్లు రివర్ ఫారెస్ట్‌లో ఉండేది. మరో మాఫియా నాయకుడు అల్ కపోన్ మకాం సిసెరోలో.

ఇక కాలంతో మారిన హద్దు ఒకటుంది. ఓక్ పార్క్ విడిగా విలేజ్ అయింది 1902లో. అంతకుముందు అది సిసెరో టౌన్‌షిప్‌లో భాగం. 1899 జూలై 21న పుట్టిన నవలా రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే జన్మస్థలం ఓక్ పార్క్ అని రాయడంలో తప్పులేదు, ఆ పేటను అప్పటికే అలానే పిలిచేవారు. కానీ 1900 జనాభా లెక్కల్లో ఆ కుటుంబాన్ని వెతకాల్సింది సిసెరో కింద. ఈ సంగతి తెలియకే చాలామంది ‘రికార్డు లేదు’ అని వదిలేస్తారు.

పుట్టడం వేరు, ఉండటం వేరు

మన దగ్గర తొలికాన్పు పుట్టింట్లో జరుగుతుంది. బిడ్డ పుట్టిన ఊరు అమ్మమ్మగారిది, పెరిగిన ఊరు నాన్నది. రెండోదాన్నే సొంతూరంటాం. ఓక్ పార్క్‌లో అమ్మమ్మగారింటి స్థానంలో ఆసుపత్రి ఉంది. షికాగో హద్దుకి ఆనుకుని, ఆస్టిన్ బులెవార్డ్ ఇవతల వెస్ట్ సబర్బన్ ఆసుపత్రి కట్టారు. షికాగో పడమటి పేటల తల్లులు అక్కడే పురుడు పోసుకున్నారు. అందుకే పుట్టిన చోటు ఓక్ పార్క్ అని ఉండి, ఒక్క ఏడాదైనా ఆ ఊళ్లో ఉండనివాళ్లు బోలెడంతమంది. హాస్యనటుడు బాబ్ న్యూహార్ట్ 1929లో ఓక్ పార్క్‌లో పుట్టారు, పెరిగింది మాత్రం షికాగోలో. నటి బెట్టీ వైట్ 1922 జనవరి 17న ఇక్కడే పుట్టారు, ఊహ తెలియకముందే తల్లిదండ్రులు కాలిఫోర్నియాకి తీసుకెళ్లిపోయారు.

వీళ్లని తీసేయమని కాదు. ‘ఇక్కడ పుట్టినవారు’ అని వేరే చిన్న విభాగం పెట్టి అందులో వేయండి. అసలు జాబితాలో ఉండాల్సినవాళ్లు వేరు. మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1902లో ఇక్కడ పుట్టి, పన్నెండేళ్లప్పుడు కుటుంబంతో పొలం ఉన్న చోటికి తరలిపోయారు. ఆయన బాల్యమంతా ఈ ఊరిదే, కాబట్టి ఆయన లెక్కలోకి వస్తారు. భవన శిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ పుట్టింది విస్కాన్సిన్‌లో. అయినా 1889లో షికాగో అవెన్యూలో ఇల్లు కట్టుకుని 1909 దాకా ఇక్కడే ఉన్నారు. ఇరవై ఏళ్లు, ఆరుగురు పిల్లలు, 1898లో ఇంటికి ఆనించి కట్టిన స్టూడియో, ఊరి నిండా ఆయన గీసిన ఇళ్లు. ఈ జాబితాలో ఒక్క పేరే ఉంచాలంటే ఆయనదే ఉంచాలి.

సంబంధాన్ని ఐదు మాటల్లో ఒకదానితో తేల్చండి: పుట్టారు, పెరిగారు, నివసించారు, పనిచేశారు, మరణించారు. ఒకటికన్నా ఎక్కువ వర్తిస్తే అన్నీ రాయండి. ‘ఓక్ పార్క్‌కి చెందినవారు’ అని మాత్రం రాయొద్దు. ఆ మాట వెనక ఏదైనా దాగొచ్చు.

కాగితాలు చూసే వరుస

మొదట ఆ మనిషిపై వచ్చిన మంచి జీవితచరిత్ర చూడండి. అందులో చిరునామా, సంవత్సరం దొరికితే దాన్ని జనాభా లెక్కల షీట్లతో, అంటే ఇంటింటా ఉన్నవాళ్ల పేర్లు రాసుకున్న కాగితాలతో సరిచూడండి. అమెరికాలో ఈ షీట్లను 72 ఏళ్ల తర్వాత బయటపెడతారు. 1950వి 2022 ఏప్రిల్ 1న వచ్చాయి, నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. 1960వి 2032లో గాని రావు. 1890 షీట్ల మీద ఆశ పెట్టుకోవద్దు. 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడై, తర్వాత దాదాపు అన్నీ పోయాయి. రైట్ ఓక్ పార్క్ తొలి సంవత్సరాలకి అందుకే ఆ దారి మూసుకుపోయింది. లెక్కలు పదేళ్లకోసారి కాబట్టి మధ్య ఏళ్లకి చిరునామా డైరెక్టరీలు, స్థానిక పత్రిక ‘ఓక్ లీవ్స్’ పాత సంచికలు చూడాలి. ఓక్ పార్క్ పబ్లిక్ లైబ్రరీ, రెండు విలేజ్‌ల ఉమ్మడి చారిత్రక సంఘం ఈ పనికి సరైన చోట్లు.

ఇంటి నంబర్లతో జాగ్రత్త. హెమింగ్వే పుట్టినప్పుడు నార్త్ ఓక్ పార్క్ అవెన్యూలో ఆ ఇంటి నంబరు 439, ఇప్పుడు 339. ఇల్లు కదల్లేదు, నంబర్లు మార్చారు. పాత పుస్తకంలో ఒకటి, ఇప్పటి మ్యూజియం బోర్డు మీద ఒకటి కనిపిస్తే రెండు ఇళ్లనుకుని రెండు వరుసలు రాసేస్తారు. అసలు రెండో ఇల్లు వేరే ఉంది. తాత పోయాక 1906లో ఆ కుటుంబం నార్త్ కెనిల్‌వర్త్ అవెన్యూలో కట్టుకున్న కొత్త ఇంటికి మారింది. హెమింగ్వే పెరిగింది ఎక్కువగా అక్కడే. 1917లో హైస్కూలు ముగించి క్యాన్సస్ సిటీలో విలేకరి ఉద్యోగానికి వెళ్లేదాకా ఆయన ఈ ఊరివాడే.

రియల్ ఎస్టేట్ ప్రకటనలో ‘ఒకప్పుడు ఫలానావారు నివసించిన ఇల్లు’ అని ఉంటే అది రుజువు కాదు. సంపన్న శివార్లన్నిటా ఈ బెడద ఉంది. పేరు తగిలిస్తే ధర పెరుగుతుంది కాబట్టి, నాలుగు నెలలు అద్దెకున్నవాళ్లూ చుట్టపుచూపుగా వచ్చినవాళ్లూ ఇంటి చరిత్రలో చేరిపోతారు.

ఒక పేరును దగ్గరగా చూద్దాం: పెర్సీ జూలియన్

ఎక్కువ సమయం పెట్టాల్సిన పేరు ఇది. జూలియన్ రసాయన శాస్త్రవేత్త. 1935లో గ్లాకోమాకి వాడే ఫైసోస్టిగ్మిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. తర్వాత షికాగోలోని గ్లిడెన్ కంపెనీలో సోయా చిక్కుడు నుంచి హార్మోన్లు తీసే పద్ధతులను పెద్ద ఎత్తున నడిపించారు. 1950లో ఓక్ పార్క్‌లోని నార్త్ ఈస్ట్ అవెన్యూలో ఇల్లు కొన్నారు. ఆయన నల్లజాతివాడు. ఇంట్లో దిగకముందే దానికి నిప్పు పెట్టే ప్రయత్నం జరిగింది. 1951 జూన్ 12న వెళ్తున్న కారులోంచి ఇంటిమీదికి డైనమైట్ విసిరారు. ఆయన ఊరు వదల్లేదు. 1973లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కి ఎన్నికయ్యారు, 1975లో మరణించారు. ఇవాళ ఆ ఊరి మిడిల్ స్కూల్ ఒకదానికి ఆయన పేరుంది.

ఈ నాలుగు ముక్కలు రాయడంలోనే మూడు చోట్ల కాలు జారుతుంది.

ఒకటి, తేదీ. మొదటి దాడి ‘థాంక్స్‌గివింగ్ రోజు, 1950 నవంబర్ 22’న జరిగిందని చాలాచోట్ల ఉంటుంది. క్యాలెండర్ తీయండి. థాంక్స్‌గివింగ్ నవంబర్ నాలుగో గురువారం, 1950లో అది 23వ తేదీ. రెండూ ఒకేసారి నిజం కావు. ఆనాటి పత్రిక చూసి తేల్చుకునేదాకా ‘1950 నవంబర్‌లో, థాంక్స్‌గివింగ్ సమయంలో’ అని రాస్తే చాలు. పండుగ పేరు, తేదీ కలిసి కనిపించిన ప్రతిసారీ ఇలా సరిచూడటం అలవాటు చేసుకోండి. రెండు నిమిషాల పని.

రెండు, ‘తొలి’ అన్న మాట. ఓక్ పార్క్‌లో ఇల్లు కొన్న తొలి నల్లజాతి కుటుంబం జూలియన్‌లదే అని రాసేస్తుంటారు. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే ఆ ఊళ్లో నల్లజాతి కుటుంబాలున్నాయి, వాళ్లకో చర్చి కూడా ఉండేది. కాబట్టి ‘తొలి కుటుంబాల్లో ఒకటి’ అనండి. లేకపోతే జూలియన్‌ని గౌరవించబోయి అంతకుముందువాళ్లని చరిత్రలోంచి తుడిచేసినట్టవుతుంది.

మూడు, రికార్డు. 1950 లెక్కలు ఆ ఏడు ఏప్రిల్ 1 నాటి స్థితిని చూపిస్తాయి. అప్పటికి వాళ్లు ఓక్ పార్క్‌లో లేరు. ఆ షీట్లలో పేరు కనబడకపోతే ‘నివసించలేదు’ అని తీర్మానించకండి.

ఈ దాడులను ఒక్క వాక్యంలోనైనా రాయాలి. సంపన్న శివారు జాబితాలు పచ్చిక బయళ్లనీ నోబెల్ బహుమతులనీ చెప్పి ఇలాంటివి దాటేస్తాయి. ఓక్ పార్క్ 1968లో, ఇళ్ల అమ్మకం, అద్దెల్లో వివక్షను నిషేధించే స్థానిక చట్టం చేసుకున్న ఊరు. ఆ చట్టం ఎందుకు అవసరమైందో జూలియన్ ఇంటి కథ చదివితేనే అర్థమవుతుంది.

పేరు పక్కన వివరం

ఒక్క పంక్తి చాలు, కానీ అది నిజమై ఉండాలి. రే క్రాక్ 1902 అక్టోబర్ 5న ఓక్ పార్క్‌లో పుట్టి అక్కడే పెరిగారు. ఆయన్ని ‘మెక్‌డొనాల్డ్స్ స్థాపకుడు’ అనేస్తుంటారు. దాన్ని 1940లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టింది మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు. క్రాక్ 1955లో ఇల్లినాయ్‌లోని డెస్ ప్లెయిన్స్‌లో తన మొదటి దుకాణం తెరిచి, దాన్ని దేశవ్యాప్త గొలుసుగా పెంచారు. ‘మెక్‌డొనాల్డ్స్‌ను విస్తరించిన వ్యాపారి’ అంటే సరిపోతుంది.

రైట్ పుట్టిన సంవత్సరం కొన్నిచోట్ల 1869 అని ఉంటుంది. ఆయనే తర్వాతి రోజుల్లో అలా చెప్పుకున్నారు. సరైనది 1867. ఊళ్లో ఆయన కట్టిన యూనిటీ టెంపుల్ 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అది ఒక్కటే కాదు, ఆయన ఎనిమిది కట్టడాలను కలిపి చేర్చారు.

ఓక్ పార్క్‌ని ‘విశాలమైన పచ్చికలు, ఇరుకు మనసులు’ ఉన్న ఊరని హెమింగ్వే అన్నట్టు ఒక వాక్యం ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఆయన రాసినట్టుగానీ అన్నట్టుగానీ ఆధారం దొరకలేదు. ఎంత బాగున్నా వదిలేయండి.

నేరగాళ్ల సంగతి. మాఫియా నాయకుడు శామ్ జాంకానా ఓక్ పార్క్ నివాసి, 1975 జూన్ 19న తన ఇంట్లోనే హత్యకు గురయ్యారు. చేర్చాలి. ప్రముఖులంటే మంచివాళ్లనే కాదు. ఆయన వివరంలో ‘వ్యాపారి’ లాంటి మెత్తని మాట మాత్రం వాడకండి.

బతికున్నవాళ్ల విషయంలో వీధి పేరు కూడా రాయొద్దు. వాళ్లే బహిరంగంగా చెప్పిన మేరకు, లేదా నమ్మదగ్గ పత్రికలో అచ్చయిన మేరకు ‘ఫలానా ఏళ్లలో నివసించారు’ అంటే చాలు. వాళ్ల పిల్లల పేర్లు, బడులు అసలే వద్దు. ధనవంతుడో, కంపెనీ డైరెక్టరో, విలేజ్ ట్రస్టీయో అయినంత మాత్రాన చేర్చక్కర్లేదు. ఆ ఊరితో సంబంధం లేని రచయితలు, పత్రికలు విడిగా ఆయన గురించి రాసి ఉండాలి.

పేర్చడం

తెలుగులో అకారాది క్రమం ఇక్కడ సరిగా కుదరదు. ఇంటిపేరుతో పేర్చాలా, మొదటి పేరుతోనా అన్న పేచీ వస్తుంది, లిప్యంతరీకరణ మారితే వరుసే మారిపోతుంది. ఊరికి వచ్చిన ఏడాదిని బట్టి పేర్చండి. రైట్ (1889), హెమింగ్వే (1899), రోజర్స్, క్రాక్ (1902), జూలియన్ (1950) అని చదువుకుంటూ పోతే ఊరు ఎలా మారిందో కూడా కనిపిస్తుంది. టార్జాన్ పాత్రను సృష్టించిన ఎడ్గార్ రైస్ బరోస్ 1910ల్లో కొన్నేళ్లు ఇక్కడుండి 1919లో కాలిఫోర్నియా వెళ్లారు. వచ్చిన ఏడాది డైరెక్టరీలో తేలేదాకా ఆయన్ని ‘1910లు’ అన్న చోట ఉంచండి.

ఒక నమోదు ఇలా ఉండాలి: ‘కార్ల్ రోజర్స్ (1902–1987), మనస్తత్వవేత్త. ఇక్కడ పుట్టి పన్నెండేళ్లు వచ్చేదాకా పెరిగారు.’ పేరు, జీవితకాలం, వృత్తి, సంబంధం, సంవత్సరాలు ఈ వరుసలో. ఆధారం ఏ పుస్తకంలో ఏ పేజీయో, ఏ పత్రికలో ఏ తేదీయో మీ దగ్గరి పట్టికలో అదే వరుసలో రాసుకోండి, తర్వాత ఎవరైనా అడిగితే వెతుక్కోనక్కర్లేదు. రుజువు కాని పేర్లను చెరిపేయకుండా విడి కాగితంలో, ఏ కాగితం దొరికితే చేర్చవచ్చో పక్కన రాసి ఉంచండి. 1960 షీట్లు వచ్చినప్పుడు మొదట తీయాల్సింది ఆ కాగితాన్నే.