ఫాఫ్సా ఫారం ఎక్కడ ఆగిపోతోంది? సమస్య - పరిష్కారం

అమెరికాలో ట్వెల్త్ గ్రేడ్ పిల్లలున్న మన ఇళ్లలో అక్టోబరు రాగానే ఫాఫ్సా టెన్షన్ మొదలవుతుంది. కాలేజీ చదువుకు ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) సాయం కోసం నింపే ఫారం అది. అందరి భయం జీతం గురించే. కానీ నేను చూసినంతలో ఫారం ఎక్కువగా ఆగేది పేరు దగ్గర, అమ్మానాన్నల సంతకం దగ్గర.

ఫాఫ్సా అకౌంట్ తెరిచాం, సోషల్ సెక్యూరిటీ వివరాలు సరిపోలడం లేదంటోంది

మన పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటాయి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక. మా అమ్మాయి తన సోషల్ సెక్యూరిటీ కార్డు (ప్రభుత్వ గుర్తింపు నంబర్ ఉండే కార్డు) మీద మధ్యపేరుగా ఉన్నదాన్ని మొదటి పేరులో కలిపేసి టైప్ చేసింది. అంతే, అక్కడే ఆగిపోయింది. కార్డు చేతిలో పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి. కార్డులోనే తప్పుంటే ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో దిద్దించుకోవాలి. వివరాలు సరిపోలకపోతే దిద్దుకోవడానికి సమయం పడుతుంది కాబట్టి గడువు రోజున కూర్చోవద్దు.

పిల్లలు సంతకం పెట్టినా ఫారం పూర్తవలేదు

తల్లిదండ్రుల భాగం మిగిలిపోయి ఉంటుంది. టాక్స్ కలిపి ఫైల్ చేస్తే ఇద్దరిలో ఒకరు చాలు, విడివిడిగా చేస్తే ఇద్దరూ నింపాలి. ఎవరి అకౌంట్ వారే తెరవాలి, అమ్మ పేరుతో పిల్లలు తెరవకూడదు. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేని అమ్మ కూడా తెరుచుకోవచ్చు. ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి టాక్స్ వివరాలు తెప్పించుకోవడానికి ఒప్పుకోకపోతే ఫెడరల్ సాయం అసలు రాదు.

మాది వీసా, మాకు వర్తిస్తుందా?

చూసేది పిల్లల హోదా. ఇక్కడ పుట్టిన బిడ్డకు అమ్మానాన్నల హెచ్-1బీ (ఉద్యోగ వీసా) అడ్డం కాదు. గ్రీన్‌కార్డు ఉన్నా అర్హతే. హెచ్-4 (హెచ్-1బీ వారి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు మాత్రం ఫెడరల్ సాయం లేదు. వాళ్లు కాలేజీ సొంతంగా ఇచ్చే సాయం గురించి అడగాలి. చాలా ప్రైవేటు కాలేజీలు అందుకు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే మరో ఫారం అడుగుతాయి.

హైదరాబాద్ ఫ్లాట్ రాయలేదు

ఇండియాలో ఉంది కదా అని వదిలేస్తారు. ఉండే ఇల్లు, 401(కె) (రిటైర్మెంట్ పొదుపు) లెక్కలోకి రావు. అద్దెకిచ్చిన ఫ్లాటు, కొని ఉంచిన ప్లాటు వస్తాయి. ఆస్తుల ప్రశ్న అడిగినప్పుడు, సంతకం పెట్టే నాటి విలువలోంచి దాని మీద ఉన్న అప్పు తీసేసి రాయాలి. మరిచిపోతే ఫారం మళ్లీ తెరిచి దిద్దవచ్చు, దిద్దండి.

ఉద్యోగం పోయింది, ఫారంలో పాత జీతమే ఉంది

ఇది మనసు కష్టపెట్టే సమస్య. తప్పు మీది కాదు. 2026లో కాలేజీలో చేరేవారికి ఫారం 2024 టాక్స్ చూస్తుంది. లేఆఫ్ నిన్న అయితే దానికెలా తెలుస్తుంది? అందులోని అంకెల్ని మీరు మార్చకండి. ఫారం ఉన్నదున్నట్టు పంపి, కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు ఉత్తరం రాయండి. లేఆఫ్ లెటర్, చివరి పే స్టబ్, నిరుద్యోగ భృతి కాగితం జతచేయండి. 'ప్రొఫెషనల్ జడ్జిమెంట్' కావాలని ఆ మాటతోనే అడగండి. మొహమాటపడొద్దు, ఇలాంటి పరిస్థితుల్లో లెక్కను సవరించే అధికారం వాళ్లకు చట్టమే ఇచ్చింది. ఏ కాలేజీ నిర్ణయం ఆ కాలేజీదే కాబట్టి, సీటు వచ్చిన ప్రతి కాలేజీకీ విడిగా పంపాలి.