ఊరు మారే ముందు: విశ్వాసం చల్లారిపోకుండా జాగ్రత్తలు

చదువుకో ఉద్యోగానికో హైదరాబాదు, బెంగళూరు హాస్టళ్లలో దిగే క్రైస్తవ విశ్వాసులకు మొదటి నెలే గండం. మొదటి ఆదివారం సామాన్లు సర్దుకోవడం, రెండో వారం నైట్ షిఫ్ట్ నిద్ర, మూడో వారం "లైవ్‌లో చూశాలే". నాలుగో వారానికి మందిరం లేకపోయినా వెలితిగా ఉండదు. మాకు భయం వేసేది అక్కడే.

బైబిల్లో అబ్రాహాము సోదరుని కొడుకు లోతు అనే మనిషిని చూడండి. నీళ్లు బాగున్నాయని యొర్దాను మైదానం కోరుకున్నాడు. ఆదికాండం 13లో గుడారం పాపానికి పేరుపడ్డ సొదొమ పట్టణం దాకా జరిగింది, 14లో కాపురం ఊళ్లోనే, 19లో ఊరి గవిని దగ్గర కూర్చుని ఉన్నాడు. నాశనం ముంచుకొస్తున్నా తడవు చేస్తుంటే దూతలు చెయ్యి పట్టి లాక్కురావాల్సి వచ్చింది.

అందుకే బయల్దేరకముందే మీ పాస్టరుగారిని అడిగి, వెళ్లే చోట ఒక సంఘం (చర్చి) పేరు, అక్కడి కాపరి (పాస్టరు) ఫోన్ నంబరు తీసుకోండి. మూటలు విప్పకపోయినా సరే, దిగిన వారమే ఆరాధనకు వెళ్లండి. నాలుగు ఆదివారాల్లోపు ఒక సంఘంలో కుదురుకోండి. వారానికో చోటికి తిరిగేవాళ్లు ఒకరోజు రాకపోతే ఎందుకు రాలేదని అడిగే దిక్కుండదు. ఆదివారం డ్యూటీ పడితే వారం మధ్యలో జరిగే గృహకూడిక వదలొద్దు.

బైబిల్లో 1,189 అధ్యాయాలు. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు, నాలుగు చదవాలి. ఐదు రోజులు తప్పితే పదహారు అధ్యాయాల బాకీ, అది చూసి చాలామంది లేవీయకాండం దగ్గరే మూసేస్తారు. బాకీ వదిలేయండి, ఈరోజు భాగం చదవండి. కొత్త ఉద్యోగపు హడావుడిలో మార్కు సువార్త రోజుకో అధ్యాయం చాలు, 16 రోజుల్లో అయిపోతుంది. అచ్చు బైబిలు వెంట తీసుకెళ్లండి. ఫోన్‌లో కీర్తన సగంలో ఉండగా వాట్సాప్ మెసేజీ దిగుతుంది, వేలు అటే పోతుంది.

దానియేలు కూడా పరాయి ఊరికి వెళ్లినవాడే. రాజుకు తప్ప ఎవరికీ ప్రార్థన చేయకూడదన్న శాసనం వచ్చాక కొత్తగా మోకరించలేదు, రోజుకు మూడుసార్లు ఎప్పటిలాగే ప్రార్థించాడు. నలుగురుండే గదిలో ఏకాంతం దొరకదు కాబట్టి చోటు, వేళ ముందే ఖాయం చేసుకోండి: మేడమీదో, మిగతావాళ్లు లేవకముందు పది నిమిషాలో.

కానుక జీతం పడిన రోజే తీసి పెట్టండి.

వారానికోసారి ఫోన్ చేసే ఒక విశ్వాసిని ఏర్పాటు చేసుకోండి. "బాగున్నావా" అంటే "ఆఁ" అనేస్తాం. "నిన్న ఏ అధ్యాయం చదివావు?" అని అడగమనండి.

ఇప్పటికే దూరమైతే డిసెంబరు 31 రాత్రి కూడిక దాకా ఆగొద్దు. ఈ ఆదివారమే వెళ్లండి. వెనక వరసలో కూర్చున్నా ఫర్వాలేదు, ఆశీర్వాదం అయ్యాక మాత్రం జారుకోకుండా కాపరికి మీ పేరు చెప్పి రండి.